తెగిన నల్లచారలు: గట్టి సస్పెన్షన్, బ్రేకు, టైరు పట్టు

సభకు నమస్కారం. ఆటోమొబైల్ ఇంజినీరింగ్ విద్యార్థులకు, అధ్యాపకులకు, పని దినమైనా షెడ్లు త్వరగా మూసుకుని వచ్చిన ఆటోనగర్ మెకానిక్ సోదరులకు నా కృతజ్ఞతలు. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఒకే విషయం గురించి. కారు సస్పెన్షన్‌ను, అంటే చక్రాలకూ బాడీకీ మధ్య ఉండే స్ప్రింగుల, షాక్ అబ్జార్బర్ల అమరికను గట్టిపరిస్తే బ్రేకు బాగా పడుతుందా, టైరు పట్టు పెరుగుతుందా అన్నదే ఆ విషయం.

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఏదైనా ఊరి కూడలి వచ్చే ముందు బండిని భద్రంగా పక్కన ఆపి రోడ్డును ఒకసారి పరిశీలనగా చూడండి. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు టైర్లు వదిలిన నల్లచారలు కనిపిస్తాయి. కొన్ని చారలు మొదటి నుంచి చివరి వరకు ఏకధారగా ఉంటాయి. కొన్ని మాత్రం కొంత చార, కొంత ఖాళీ, మళ్లీ కొంత చార అన్నట్టు తెగి తెగి ఉంటాయి. అలా తెగినవి చాలావరకు ఖాళీ లారీలవి, ఖాళీ ట్రెయిలర్లవి. లారీ కమాన్ కట్టలు, అంటే ఇనుప పట్టీల స్ప్రింగులు, నిండు లోడును మోయడానికి తయారైనవి కాబట్టి, లోడు దించేశాక మిగిలిన ఆ తేలికపాటి వెనుక భాగానికి అవే కట్టలు మోతాదుకు మించి గట్టివైపోతాయి. బ్రేకు పట్టి ఉన్న చక్రం చిన్న గతుకు తగిలినా పైకి లేస్తుంది. గాలిలో ఉన్నంతసేపు చార గీయదు, కిందపడగానే మళ్లీ గీస్తుంది. చార ఉన్నచోట టైరు బండిని ఆపుతోంది, ఖాళీ ఉన్నచోట ఆపడం లేదు. గట్టి సస్పెన్షన్ గురించి నేను చెప్పబోయేదంతా ఆ ఖాళీల గురించే.

ముందుగా, చాలామంది నిజాయితీగానే నమ్మే ఒక మాటను పరిశీలిద్దాం. బ్రేకు వేసినప్పుడు కారు ముక్కు దిగుతుంది, ముక్కు దిగడం వల్లనే బరువు ముందుకు పోతుంది, కాబట్టి గట్టి స్ప్రింగులు వేసి ముక్కు దిగకుండా చేస్తే బరువు వెనుక చక్రాల మీదే నిలిచి నాలుగు టైర్లూ సమంగా పనిచేస్తాయి అన్నది ఆ మాట. వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్క వేస్తే నిలవదు.

ఒక మామూలు హ్యాచ్‌బ్యాక్ కారు తీసుకుందాం. మనుషులతో కలిపి బరువు 1200 కిలోలు. ముందు చక్రాల మీద 720, వెనుక చక్రాల మీద 480 కిలోలు. గరిమనాభి, అంటే కారు బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం రెండున్నర మీటర్లు. గురుత్వ త్వరణంలో 0.8 వంతు బలంతో బ్రేకు వేశామనుకుందాం. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే మంచి కారు ఆ మాత్రం ఆగుతుంది. ముందుకు బదిలీ అయ్యే భారం ఎంతో తెలుసుకోవాలంటే కారు బరువును 0.8తో గుణించి, గరిమనాభి ఎత్తుతో గుణించి, ఇరుసుల దూరంతో భాగించాలి. సుమారు 210 కిలోలు వస్తుంది. అంటే బ్రేకు వేస్తున్నంతసేపు ముందు 930, వెనుక 270 కిలోలు. ఈ లెక్కలో స్ప్రింగు ఎక్కడుందో చూడండి. ఎక్కడా లేదు. స్ప్రింగులు తీసేసి ఇనుప కడ్డీలు బిగించినా ఆ 210 కిలోలు ముందుకు పోవలసిందే, ఎందుకంటే ఆ భారాన్ని ముందుకు తోసేది గరిమనాభి ఎత్తు, బ్రేకు బలం. ముక్కు దిగడం అందుకు కారణం కాదు, దాని ఫలితం మాత్రమే.

మరి స్ప్రింగు చేసేదేమిటి? ఆ 210 కిలోలకు ముక్కు ఎంత దిగాలో నిర్ణయిస్తుంది. చక్రం దగ్గర కొలిస్తే ఒక్కొక్క మిల్లీమీటరుకు రెండున్నర కిలోల గట్టిదనం ఉందనుకుంటే, రెండు చక్రాలకు కలిపి ముక్కు నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది. స్ప్రింగు రెట్టింపు గట్టిదైతే రెండు సెంటీమీటర్లు. కారు ఒరగడం వల్ల గరిమనాభి కొద్దిగా ముందుకు జరిగే మాట నిజమే గానీ, లెక్క కడితే దాని ప్రభావం 10 కిలోలకు లోపే. ముక్కు తక్కువ దిగితే మేలు లేదని నేను అనను. స్టీరింగు అందుకునే వేగం పెరుగుతుంది, భారం ముందుకు మారే ఆ తొలి క్షణాల్లో కారు త్వరగా కుదురుకుంటుంది, చక్రాల కోణాలు పెద్దగా మారవు. నున్నటి ట్రాక్ మీద నడిపేవారికి ఇవన్నీ విలువైనవే. అయితే ఆ మేళ్లు రావాలంటే రోడ్డు నున్నగా ఉండాలి. మన చర్చ మొత్తం ఆ షరతు దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు అదే కారును గతుకుల రోడ్డు మీదికి తెద్దాం. బ్రేకు పడుతోంది, వెనుక 270 కిలోలు ఉంది, అంటే ఒక్కో వెనుక చక్రం మీద 135 కిలోలు. ఆ చక్రం కిందికి 3 సెంటీమీటర్ల లోతున్న చిన్న పల్లం వచ్చింది. కారు వేగంగా పోతోంది కాబట్టి చక్రం పల్లంలోకి దిగేలోగా బాడీ కదలడానికి వ్యవధి ఉండదు. స్ప్రింగు 3 సెంటీమీటర్లు చాచుకోవాలి. ముందు చెప్పిన, మిల్లీమీటరుకు రెండున్నర కిలోల మెత్తటి స్ప్రింగు అయితే అలా చాచుకున్నప్పుడు 75 కిలోల ఒత్తిడి వదులుతుంది. టైరు మీద ఇంకా 60 కిలోలు మిగులుతుంది, పట్టు తగ్గినా పోదు. రెట్టింపు గట్టి స్ప్రింగు అయితే 150 కిలోలు వదలాలి. ఉన్నదే 135. అంటే చక్రం పల్లం అడుగును తాకకముందే స్ప్రింగులో ఉన్న ఒత్తిడంతా అయిపోయింది, టైరు గాలిలో వేలాడుతోంది. రోడ్డు మీద తెగిన చారలో ఖాళీ అంటే ఇదే. కారు అదే, బ్రేకు అదే, టైరు అదే. మారింది స్ప్రింగు ఒక్కటే.

చక్రం పూర్తిగా లేవకపోయినా నష్టం ఉంది. టైరుకు ఒక స్వభావం ఉంది: దాని మీద భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే కొంత తక్కువే పెరుగుతుంది. ఉదాహరణకు 400 కిలోల భారం దగ్గర 400 కిలోల పట్టు ఇచ్చే టైరు, 300 దగ్గర 315, 500 దగ్గర 475 ఇస్తుందనుకుందాం. భారం స్థిరంగా 400 ఉంటే మనకు దక్కేది 400. అదే భారం 300కు, 500కు మధ్య ఊగిసలాడితే సగటు భారం 400 అయినా సగటు పట్టు 395 మాత్రమే. ఐదు కిలోలే కదా అనిపిస్తుంది. నిజానికి పెద్ద నష్టం ఇక్కడ లేదు, బ్రేకు దగ్గర ఉంది. మన పాదం పెడల్ మీద పెట్టిన బలం స్థిరంగా ఉంటుంది, గతుకు గతుకుకూ మారదు. 400 కిలోల పట్టుకు సరిపోయేలా పెడల్ తొక్కి ఉంచినప్పుడు, భారం 300కు పడిపోయిన క్షణాన టైరు ఇవ్వగలిగింది 315 మాత్రమే. బ్రేకు అంతకన్నా ఎక్కువ అడుగుతోంది కాబట్టి చక్రం ఠక్కున నెమ్మదించి లాక్ అయ్యే, అంటే తిరగడం మాని జారే, దారి పడుతుంది. చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ వెంటనే గమనించి ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడి తగ్గిస్తుంది. ఈలోగా భారం 500కు చేరుతుంది, గట్టిగా బ్రేకు వేయడానికి అదే అదను, కానీ ఒత్తిడి ఇంకా తిరిగి రాలేదు. వచ్చేసరికి భారం మళ్లీ పడిపోతుంది. ఈ విధంగా, భారం ఊగిసలాడే టైరుతో బ్రేకు వేస్తే మనకు దక్కేది సగటు పట్టు కాదు, అట్టడుగు పట్టుకు దగ్గరగా ఉన్నది. గట్టి సస్పెన్షన్ అట్టడుగును ఇంకా కిందికి నెడుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే తక్కినవన్నీ దాని వెంటే వస్తాయి.

నాకు ఇది పుస్తకంలో చదివినప్పటికంటే నా కారులో కూర్చున్నప్పుడే బాగా అర్థమైంది. కొన్నేళ్ల క్రితం నా సొంత కారుకు పొట్టివి, గట్టివి అయిన స్ప్రింగులు వేయించాను. స్ప్రింగుల ఊపును అణచే షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచారు, నేనూ అడ్డు చెప్పలేదు. ఊళ్లో నున్నటి రోడ్డు మీద మలుపుల్లో కారు ఎంతో కుదురుగా ఉండడంతో సంతోషించాను. తర్వాత ఒక రోజు హైవే మీద కూడలి ముందు రంబుల్ స్ట్రిప్స్ మీద, అంటే రోడ్డుకు అడ్డంగా వేసిన ఎత్తు పట్టీల మీద, బ్రేకు వేయాల్సి వచ్చింది. ఎదురుగా ఒక ఆటో అడ్డంగా తిరుగుతోంది. మొదటి పట్టీ మీద చక్రం పడగానే పెడల్ నా పాదం కింద కొట్టుకోవడం మొదలుపెట్టింది. పట్టీ తర్వాత పట్టీ దాటుతుంటే బ్రేకు పట్టి వదిలి, పట్టి వదిలి, ఎక్కడో దూరంగా ఎవరో వేస్తున్నట్టుగా ఉంది. ఆగాలనుకున్నచోట కారు ఆగలేదు, దాదాపు ఒక కారు పొడవు ముందుకు పోయి ఆగింది. ఆటో దాటిపోయింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రే కూర్చుని లెక్క వేశాను.

ఆ లెక్క మీకూ చెబుతాను. చక్రం, హబ్బు, బ్రేకు భాగాలు కలిపి ఒక మూలన సుమారు 38 కిలోలు ఉంటాయి. ఆ ముద్ద కింద టైరు ఒక స్ప్రింగు, మిల్లీమీటరుకు సుమారు 20 కిలోల గట్టిదనం గలది. పైన మన సస్పెన్షన్ స్ప్రింగు. ఈ రెంటి మధ్య చిక్కుకున్న చక్రం సెకనుకు సుమారు 12 సార్లు ఊగడానికి ఇష్టపడుతుంది. అది దాని సహజ పౌనఃపున్యం. రంబుల్ స్ట్రిప్ పట్టీలు మీటరున్నరకు ఒకటి ఉన్నాయనుకోండి. గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 18 మీటర్లు పోతుంది, అంటే సెకనుకు 12 పట్టీలు. పట్టీలు మీటరుకు ఒకటి ఉంటే 43 కిలోమీటర్ల వేగం దగ్గర అదే జరుగుతుంది. కూడలి ముందు మనం సరిగ్గా ఆ వేగాల మధ్యనే బ్రేకు వేస్తూ దిగుతాం. వేగం తగ్గే దారిలో ఎక్కడో ఒకచోట చక్రం తన సహజ లయను అందుకోక తప్పదు. అప్పుడు ఊయలను సరైన సమయానికి తోస్తున్నట్టే, పట్టీలు చక్రాన్ని తోస్తాయి. ఆ ఊపును అణచగలిగేది షాక్ అబ్జార్బర్ ఒక్కటే. నా కారులో దానికి ఆ శక్తి మిగల్లేదు.

సిటీ బస్సులు ఆగే స్టాపుల దగ్గర, సిగ్నళ్ల దగ్గర తారు అలలు అలలుగా పేరుకుపోవడం మీరు చూసే ఉంటారు. భారీ వాహనాలు రోజూ ఒకేచోట బ్రేకు వేయడం వల్ల మెత్తబడిన తారు ముందుకు జరిగి అలా తయారవుతుంది. అంటే బ్రేకు అవసరమైన చోటే రోడ్డు చక్రాన్ని ఎగరేసేలా మారుతోంది. మన దేశంలో గట్టి సస్పెన్షన్ గురించి ఆలోచించేవారు దీన్ని మరచిపోకూడదని నా మనవి.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా వస్తుంది. గట్టిదనం అంత చెడ్డదైతే రేసు కార్లు రాయిలా గట్టిగా ఎందుకుంటాయి? స్ప్రింగు ఎంత గట్టిదైతే బాడీ అంత వేగంగా ఊగుతుంది. మామూలు కారు బాడీ సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. స్పోర్ట్స్ కారు రెండు సార్లు. వీచే గాలి తనను నేలకు నొక్కే బలం మీద ఆధారపడే రేసు కారు మూడు, నాలుగు, అంతకు పైన కూడా. ఆ గట్టిదనం టైరు కోసం పెట్టింది కాదు, గాలి కోసం పెట్టింది. కారు అడుగుభాగానికీ నేలకూ మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లు మారినా, గాలి కారును నేలకు నొక్కే బలం మారిపోతుంది. వందల కిలోల ఆ బలాన్ని నిలుపుకోవడానికి వారు టైరు పట్టులో కొంత వదులుకుంటారు. అది తెలిసి చేసే బేరం. గంటకు 80 కిలోమీటర్లతో పోయే మన కారు మీద అలాంటి గాలి బలం లేదు. వారిచ్చే మూల్యమే మనమూ ఇస్తాం గానీ, వారికి దక్కే సరుకు మనకు దక్కదు.

ఆ బేరంలో పోయే పట్టును తిరిగి తెచ్చుకోవడానికి ఫార్ములా వన్ ఇంజినీర్లు పడ్డ తపన చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. లోటస్ జట్టు 1987లో కంప్యూటరు నడిపే యాక్టివ్ సస్పెన్షన్‌తో మొనాకో, డెట్రాయిట్ రేసులు గెలిచింది. ఐర్టన్ సెన్నా నడిపిన ఆ రెండూ గతుకులున్న వీధి ట్రాకులే. విలియమ్స్ జట్టు 1992లో అలాంటి సస్పెన్షన్‌తోనే చాంపియన్ అయింది. 1994 నుంచి దాన్ని నిషేధించారు. నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది రెనో జట్టు 2005 చివర్లో తెచ్చిన మాస్ డంపర్. కారు ముక్కులో సుమారు 10 కిలోల బరువును స్ప్రింగుల మధ్య పెట్టారు. కారు ముందు భాగం పైకి ఎగరబోతే ఆ బరువు ఎదురు దిశలో కదిలి ఆ ఊపును తాను తీసుకుంటుంది. అంతే. బరువులో ప్రతి కిలో తగ్గించడానికి ప్రాణం పెట్టే ఆటలో, అంత బరువును ముక్కులో వేలాడదీయడానికి వారు సిద్ధపడ్డారంటే టైరు మీద భారం నిలకడగా ఉండడం ఎంత విలువైనదో ఊహించండి. 2006లో దాన్ని కదిలే వాయుగతిక పరికరంగా లెక్కకట్టి నిషేధించారు.

మెత్తదనం వైపు కూడా గొప్ప ఉదాహరణలున్నాయి. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ కారు గాలి, నూనె కలిసిన సస్పెన్షన్ మీద తేలుతున్నట్టు నడిచేది. అందులో వెనుక సస్పెన్షన్‌లోని ఒత్తిడిని బట్టి ముందు వెనుక బ్రేకుల పంపకం మారేలా ఏర్పాటు చేశారు; వెనుక సీట్లో మనుషులు కూర్చుంటే వెనుక బ్రేకుకు వాటా పెరిగేది. 1962లో కాలిన్ చాప్మన్ తెచ్చిన లోటస్ ఎలాన్ మెత్తటి స్ప్రింగులతోనే మలుపుల్లో పేరు తెచ్చుకుంది. ర్యాలీ కార్లలో చూడండి: తారు రోడ్డుకు గట్టిగా బిగించే అదే కారును, కంకర దారి రాగానే మెత్తగా, పొడవైన కదలికతో మారుస్తారు.

అయితే మెత్తదనానికీ హద్దు ఉంది. మరీ మెత్తటి స్ప్రింగు బ్రేకు వేయగానే తన కదలికనంతా ఖర్చు చేసి రబ్బరు బంప్ స్టాపర్ మీద కూర్చుంటుంది. ఆ క్షణం నుంచి ఆ మూల సస్పెన్షన్ లేనట్టే. అప్పుడు వచ్చే గతుకును టైరు ఒక్కటే మోయాలి. పొట్టి స్ప్రింగులు వేసి కారును కిందికి దించినవారికి ఇదే కష్టం రెండో దారిలో ఎదురవుతుంది, ఎందుకంటే కదలడానికి చోటు ముందే తగ్గిపోయింది.

ఇక షాక్ అబ్జార్బర్ గురించి. ఈ సభలో నేను ఎక్కువ పట్టుదలతో చెప్పదలచుకున్నది ఇదే. స్ప్రింగు మార్చి షాక్ అబ్జార్బర్ మార్చకపోవడం సగం పని కూడా కాదు. స్ప్రింగు గట్టిదనం రెట్టింపైతే, అదే షాక్ అబ్జార్బర్ ఊపును అణచే నిష్పత్తి దాదాపు 30 శాతం పడిపోతుంది, 0.3 ఉన్నది 0.21 అవుతుంది. పాతబడి నూనె కారుతున్నదైతే ఇక చెప్పనక్కరలేదు. అలాగని మరీ బిగువైన షాక్ అబ్జార్బర్ వేస్తే, పల్లం వచ్చినప్పుడు చక్రం దిగడానికే అది అడ్డుపడుతుంది, టైరు మళ్లీ గాలిలోనే ఉంటుంది. కాబట్టి బ్రేకు సరిగా పడడం లేదని కారు మీ షెడ్డుకు వస్తే, ప్యాడ్లు, డిస్కులు చూశాక టైర్లలో గాలి చూడండి, ఆ తర్వాత నాలుగు షాక్ అబ్జార్బర్లనూ, వాటి బుష్‌లనూ చూడండి. స్ప్రింగు మార్చే ఆలోచన అన్నిటికీ చివర రావాలి. కంపెనీ ఇచ్చిన షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేయించుకోగానే, గట్టి స్ప్రింగులు కావాలన్న కోరిక చాలామందిలో దానంతటదే తగ్గిపోవడం నేను చూశాను.

పోటీ బండి తయారుచేస్తున్న విద్యార్థులు ఒక పని చేయవచ్చు. స్ప్రింగు మార్చే ముందు, మార్చిన తర్వాత, ఒకే టైర్లు, ఒకే గాలి ఒత్తిడి, ఒకే వేగంతో రెండు చోట్ల ఆపి దూరం కొలవండి. ఒకటి నున్నటి నేల, రెండోది గతుకుల నేల. మూసిన స్థలంలో, హెల్మెట్టుతో చేయండి, ఒక్కోచోట పదిసార్లు చేయండి. నున్నటి చోట తేడా మీకు దొరకడమే కష్టమవుతుంది. గతుకుల చోట టేపు తీయకముందే తెలుస్తుంది.

చివరగా, ఈ బల్ల మీద ఉన్న టైరు నా కారుదే, నేను చెప్పిన ఆ గట్టి స్ప్రింగుల కాలం నాటిది. పైకి చూస్తే బాగానే ఉంది. ముందు వరుస నుంచి అందరూ ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుని, కళ్లు మూసుకుని అరచేతిని దాని చుట్టూ నెమ్మదిగా తిప్పండి. ఒకచోట ఎత్తు, ఒకచోట చిన్న గిన్నెలాంటి పల్లం, మళ్లీ ఎత్తు, మళ్లీ పల్లం తగులుతాయి. ఊపు అణగని చక్రం ఎగిరి పడి, ఎగిరి పడి రబ్బరును అలా చెక్కింది. రోడ్డు మీద తెగిన చారలో మీరు చూసిన ఆ వరుసే ఈ టైరు మీదా ఉంది, వేలితో లెక్కపెట్టవచ్చు.